ఐర్లండు ప్రాణజలం – కొంత చరిత్ర, కొంత మా ఇంటి సంగతి

పోయిన డిసెంబరులో, క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య వచ్చే ఆ బద్ధకపు వారంలో, మా బావమరిది ఫోన్ చేసి "బావా, ఈ శనివారం టేస్టింగ్ మీ ఇంట్లో పెట్టుకుందామా?" అన్నాడు.

టేస్టింగ్ అంటే ఏమిటో చెప్పాలి. డబ్లిన్‌లో ఉన్న మా తెలుగువాళ్ళు ఏడెనిమిది మంది, రెండు నెలలకోసారి ఎవరో ఒకరింట్లో చేరతారు. ఖరీదైన విస్కీ సీసా ఒకళ్ళే కొనే కన్నా నలుగురూ వేసుకుని కొంటే నయం కదా అని మొదలైన వ్యవహారం ఇది. తామరమొగ్గలాగా అడుగున వెడల్పుగా, పైన సన్నంగా ఉండే గ్లాసుల్లో తలా రెండు చెంచాలు పోసుకుంటారు. వాసన చూస్తారు, నాలుగు చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ చూస్తారు. ఆపిల్ అని ఒకడంటాడు, ఎండు ఖర్జూరం అని ఇంకొకడు. వాదించుకుంటారు. భార్యలు వస్తారు, ఆఫీసు నుంచి ఒకరిద్దరు ఐరిష్ మిత్రులు వస్తారు, మిరపకాయ బజ్జీలు వస్తాయి. నేను తాగను. అయినా నన్ను పిలుస్తారు, ఏ సీసా వెనక ఏ కథ ఉందో చెప్పడానికి. పెళ్ళిలో సన్నాయి వాయించేవాడికి భోజనం పెట్టినట్టు నాకు బజ్జీలు పెడతారు.

"ఈసారి అమ్మ ఉందిరా ఇక్కడ" అన్నాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. మా అమ్మ సంగతి వాడికి తెలుసు.

మాది నెల్లూరు జిల్లాలో కావలి దగ్గర ఒక పల్లె. మా మేనమామ 1991లో సారా తాగి తాగి ముప్పై నాలుగేళ్ళకే పోయాడు. ఆ మరుసటేడు దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారన్న వార్త మా వైపుకూ పాకింది. అక్షరదీపం రాత్రిబడుల్లో నేర్చుకున్న అక్షరాలతో ఆ కథ చదివి, మా ఊరి ఆడవాళ్ళు కూడా చీపుర్లు పట్టుకుని దుకాణం ముందు కూర్చున్నారు. మొదటి వరసలో మా అమ్మ. నేను అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. ఆమె రెండు రోజులు ఇంటికి రాకపోతే నాన్నా నేనూ గంజి కాచుకుని తాగాం.

సాయంత్రం టీ తాగుతుండగా విషయం చెప్పాను. వద్దంటే మానేస్తామని కూడా చెప్పాను. అమ్మ వద్దనలేదు. "దాని గురించి మాట్లాడుకోను ఏముంటాదిరా అంత?" అంది. ఆ ప్రశ్నకు నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ అమ్మకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేరు. ఐరిష్ భాషలో ఇష్కె బాహ అంటే ప్రాణజలం. మధ్యయుగపు సన్యాసులు లాటిన్‌లో ఆక్వా వీటే అన్నదానికి ఇది సూటి అనువాదం. మఠాల్లో మందుల కోసం, అత్తరుల కోసం బట్టీ పెట్టడం నేర్చుకున్నవాళ్ళు వాళ్ళే. ఇంగ్లీషువాళ్ళ నోటికి ఇష్కె బాహ పట్టక రెండో మాటను వదిలేసి మొదటిదాన్ని విస్కీ చేసుకున్నారు. అంటే ప్రాణం పోయి నీళ్ళు మిగిలాయి. ఐరిష్‌వాళ్ళు ఆ ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం ఎక్కువ రాస్తారు, స్కాట్లండు వాళ్ళు రాయరు. దాని మీద రెండు దేశాల మధ్య ఇప్పటికీ ఎత్తిపొడుపులు ఉన్నాయి. తెలుగులో రాసుకునే మనకు ఆ బాధ లేదు.

ఐర్లండులో దీన్ని తాగిన దాఖలా తొలిసారి కనిపించేది క్లాన్‌మక్నాయిస్ మఠం పేరుతో ఉన్న వార్షిక చరిత్రలో, 1405వ సంవత్సరం కింద. రిచర్డ్ మక్రానల్ అనే ఒక తెగ నాయకుడు క్రిస్మస్ సమయంలో ప్రాణజలం అతిగా పట్టించి చనిపోయాడు. ఆయన పాలిట అది ప్రాణజలం కాలేదు, మృత్యుజలం అయిందని రాసినవాడు ఒక చమత్కారం కూడా విసిరాడు. స్కాట్లండు లెక్కల పుస్తకాల్లో ఈ సరుకు ప్రస్తావన 1494లో గాని రాదు. కాబట్టి ఐరిష్‌వాళ్ళు మేమే ముందు అని గొప్పగా చెప్పుకుంటారు.

"మొదటి ముక్కే చావా?" అంది అమ్మ.

అవును. అయితే ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ మనిషి ఒంటరిగా తాగి పోలేదు. క్రిస్మస్ విందు అది. ఇంటి పెద్ద అతిథులకు పోయాలి, తానూ తాగాలి. పోసేవాడి పరువు సీసాలో కాదు, అవతలివాడి గ్లాసు ఎంత నిండిందన్నదాంట్లో ఉండేది. ఈ పంచుకోవడం అనే ధర్మమే ఐర్లండు విస్కీ చరిత్రను నడిపింది, చాలా చోట్ల తల్లకిందులు కూడా చేసింది.

1608లో జేమ్స్ రాజు ఉత్తరాన ఆంట్రిం ప్రాంతంలో బట్టీ పెట్టుకోమని సర్ థామస్ ఫిలిప్స్ అనే అధికారికి అనుమతి ఇచ్చాడు. ఇప్పటి బుష్‌మిల్స్ సీసా మీద కనిపించే సంవత్సరం అదే, కంపెనీ పుట్టింది మాత్రం 1784లో. 1661లో, సరిగ్గా క్రిస్మస్ రోజున, ప్రభుత్వం కాచిన సారా మీద పన్ను వేసింది. అంతవరకూ ప్రతి ఊళ్ళోనూ వెన్న చిలికినంత మామూలుగా సాగిన పని ఆ పూట నుంచి రెండుగా చీలింది. పన్ను కట్టినవాళ్ళది పార్లమెంటు విస్కీ. కట్టనివాళ్ళది పొచీన్. పొచీన్ అంటే చిన్న కుండ. మన కాపు సారాలాగే కొండల్లో, బురద నేలల్లో, వాగుల పక్కన కాచేవాళ్ళు. రాత్రిపూట అయితే పొగ కనపడదు, గాలి వీచే రోజైతే వాసన నిలవదు.

తర్వాత వందేళ్ళకు పైగా జరిగింది వింటుంటే అమ్మకు మన ఆబ్కారీ కథే మళ్ళీ విన్నట్టు అనిపించింది. 1779లో ప్రభుత్వం బట్టీ ఎంత తీస్తే అంత మీద పన్ను వేయడం మాని, బట్టీ పరిమాణాన్ని బట్టి ఇంత తీసి తీరుతుందని లెక్కగట్టి ముందే వసూలు చేయడం మొదలుపెట్టింది. చిన్నవాళ్ళు తట్టుకోలేకపోయారు. ఆ ఏడు 1,228 నమోదైన బట్టీలుంటే 1790 నాటికి 246, 1821 నాటికి 32 మిగిలాయి. మిగతావాళ్ళు ఎక్కడికి పోయారు? కొండల్లోకి. దొంగబట్టీ దొరికి ఎవరిదో తేలకపోతే ఊరంతటి మీదా జరిమానా వేసే చట్టం కూడా వచ్చింది. ఒకడు కాస్తే ఊరు కట్టాలి. దాంతో ఊరు ఊరంతా ఒక్కటై కాపలా కాయడం మొదలుపెట్టింది. ఈనియస్ కాఫీ అనే ఆబ్కారీ అధికారిని 1810లో డోనెగాల్ వైపు గుంపుగా పడి పుర్రె పగిలేలా కొట్టారు, బాయొనెట్‌తో పొడిచారు. ఆయన చావలేదు. ఆయన సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

పన్ను వల్ల పోయినవాటి గురించి చెప్పాను, పుట్టినదాని గురించి కూడా చెప్పాలి. మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. 1785లో ఆ మాల్ట్ మీద పన్ను వేశారు. డబ్లిన్ బట్టీదార్లు ఏం చేశారంటే, మొలకెత్తించని పచ్చి బార్లీని కూడా సగానికి సగం కలిపి కాచారు. పన్ను తగ్గించుకోవడానికి చేసిన ఈ కిటుకు వల్ల సరుకు కొంచెం నూనెతనంగా, కొంచెం ఘాటుగా, లవంగం దాల్చినచెక్క తగిలినట్టు తయారైంది. పెద్ద రాగి కుండలో మూడుసార్లు కాచిన ఈ రకాన్నే ఇప్పుడు సింగిల్ పాట్ స్టిల్ అంటున్నారు. దీన్ని ఐర్లండు గర్వకారణం అని చెప్పి ఎనభై యూరోలకు అమ్ముతారు. పన్ను ఎగ్గొట్టడానికి పుట్టిన రుచి ఇది అని చెబితే మా బావమరిదికి కొంచెం కోపం వస్తుంది.

ఈ సరుకు ఇళ్ళకు ఎలా చేరేదో తెలుసుకుంటే పంచుకోవడం అన్న మాట ఇంకా బాగా అర్థమవుతుంది. 19వ శతాబ్దంలో బట్టీదార్లు ఎక్కువగా పీపాల లెక్కన అమ్మేవాళ్ళు, సీసాల్లో కాదు. జేమ్సన్ వాళ్ళయితే 1968 దాకా తమ చేతులతో సీసాల్లో నింపనేలేదు. ఊళ్ళోని కిరాణా దుకాణంవాడో, ద్రాక్షసారా వర్తకుడో పీపా కొని, ప్రభుత్వ తాళం ఉన్న గిడ్డంగిలో ఏళ్ళ తరబడి నిలవ ఉంచి, పన్ను కట్టినప్పుడు తెచ్చుకునేవాడు. దుకాణంలో ఒకవైపు టీ, పంచదార, ఇంకోవైపు పీపా. డబ్లిన్ గ్రాఫ్టన్ వీధిలో 1805లో మొదలైన మిచెల్ కుటుంబం వాళ్ళు ఏ పీపా ఎన్నేళ్ళు ఉంచాలో గుర్తుండటానికి దాని మీద రంగు చుక్క పెట్టేవాళ్ళు. నీలం అయితే 7 ఏళ్ళు, ఆకుపచ్చ 10, పసుపు 12, ఎరుపు 15. ఆ చుక్కలే ఇప్పుడు గ్రీన్ స్పాట్, ఎల్లో స్పాట్ అని సీసాల పేర్లయ్యాయి. పీపాలో ఉన్నంతకాలం ఏటా నూటికి రెండు వంతుల దాకా గాలిలో కలిసిపోతుంది. దాన్ని దేవతల వాటా అంటారు. "దేవతలక్కూడా పోస్తారా!" అని అమ్మ నవ్వింది. ఆ మూడు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

ఇంట్లో సీసా ఎప్పుడు తెరిచేవాళ్ళంటే, అతిథి వచ్చినప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు, దూడ అమ్మిన బేరం కుదిరినప్పుడు, జలుబు చేసినప్పుడు. జలుబుకు వేడినీళ్ళు, పంచదార, నిమ్మచెక్కకు గుచ్చిన లవంగాలు, దాంట్లో కొంచెం విస్కీ. ఇప్పటికీ ప్రతి పబ్బులోనూ చలికాలం అడిగి తాగుతారు. మనం శొంఠి కషాయం తాగినట్టే. అన్నిటికంటే ముఖ్యం చావు. ఐర్లండులో శవాన్ని రాత్రంతా ఇంట్లో ఉంచి, ఊరంతా వచ్చి కూర్చుని జాగారం చేస్తారు. దీన్ని వేక్ అంటారు. వచ్చినవాళ్ళకు మట్టి పొగాకు గొట్టాలు, నశ్యం, విస్కీ లేదా పొచీన్ పెట్టడం ఆనవాయితీగా ఉండేది. కథలు చెప్పుకునేవాళ్ళు, ఆటలు ఆడేవాళ్ళు. శవం దగ్గర తాగుడేమిటని చర్చి పెద్దలు 17వ శతాబ్దం నుంచీ పదే పదే నిషేధిస్తూ తీర్మానాలు చేశారు. అన్నిసార్లు చేయాల్సి వచ్చిందంటేనే ఎవరూ వినలేదని అర్థం.

ఇక్కడే ప్రవాసులమైన మనం ఆగాల్సిన విషయం ఒకటుంది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి మహాకరువు వచ్చింది. దాదాపు పది లక్షల మంది చనిపోయారు. 1845కీ 1855కీ మధ్య దాదాపు 20 లక్షల మంది దేశం వదిలిపోయారు, ఎక్కువగా అమెరికాకు. ఆ రోజుల్లో వెళ్ళినవాడు తిరిగి రాడు. అందుకని వెళ్ళేముందు రాత్రి ఆ పిల్లకో పిల్లాడికో బతికుండగానే వేక్ చేసేవాళ్ళు. దాని పేరు అమెరికన్ వేక్. ఊరంతా వచ్చేది. పాటలు, నాట్యం, పొచీన్ గ్లాసు చేతులు మారడం. మధ్యలో తల్లి శవం మీద ఏడ్చినట్టే బిడ్డను పట్టుకుని శోకాలు తీసేది. తెల్లవారాక బిడ్డతో పాటు ఊరి పొలిమేర దాకానో, ఒక వంతెన దాకానో నడిచి ఆగిపోయేవాళ్ళు.

ఈ సంగతి చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నువ్వు వచ్చే ముందురోజు నేనూ పడుకోలేదు కదరా" అంది. 2001 జనవరిలో నేను కావలి స్టేషన్లో చెన్నై రైలు ఎక్కాను. ముందు రాత్రి మా నాన్న స్నేహితులు ఇంటి వెనక చింతచెట్టు కింద కూర్చున్నారు. ఏం తాగారో అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పటికి నిషేధం ఎత్తేసి నాలుగేళ్ళవుతోంది. అమ్మ వాళ్ళను ఏమీ అనలేదు, వంటింట్లో గోంగూర పచ్చడి సీసాలకు గుడ్డ కడుతూ కూర్చుంది.

రెండో రోజు అమ్మను డబ్లిన్ లిబర్టీస్ పేటకు తీసుకెళ్ళాను. మన వాళ్ళెవరు వచ్చినా బో స్ట్రీట్ జేమ్సన్ కట్టడానికి తీసుకెళ్ళడం ఇక్కడి ఆనవాయితీ. అక్కడ బట్టీ 1971లోనే ఆగింది, ఇప్పుడున్నది సందర్శకుల కోసం చేసిన ఏర్పాటు. అమ్మకు నేను చూపించాలనుకున్నది అది కాదు. న్యూమార్కెట్ అనే చౌకు, దాని పక్కన చేంబర్ వీధి, ఆర్డీ వీధి.

1875 జూన్ 18 రాత్రి అక్కడ మలోన్ అనే ఆయన గిడ్డంగికి నిప్పంటుకుంది. లోపల సుమారు 5,000 పీపాల సరుకు. పీపాలు పేలి, మండుతున్న విస్కీ తలుపుల కింద నుంచి వీధుల్లోకి కాలవలాగా పారింది. నీలం మంటతో, అడుగు లోతులో సగం. చుట్టుపక్కల పందులు ముందుగా అరిచి జనాన్ని లేపాయట. ఆ పేటలో ఉన్నది చర్మాలు శుద్ధిచేసేవాళ్ళు, కూలీలు, నిరుపేదలు. ఇళ్ళు కాలుతుంటే పిల్లల్ని బయటికి లాక్కుని పరిగెత్తారు. ఆ తర్వాత వెనక్కి వచ్చారు. టోపీలు, బూట్లు, గిన్నెలు, చేతికి దొరికినదాంతో ముంచుకుని తాగారు, పక్కవాడికి అందించారు. అంత విస్కీ ఎవరూ చూసి ఉండరు, పైగా ఉచితం. అగ్నిమాపక దళం అధిపతి ఇంగ్రమ్ నీళ్ళు కొడితే విస్కీ నీళ్ళ మీద తేలి మంటలు ఇంకా దూరం పోతాయని గ్రహించి, బండ్ల కొద్దీ గుర్రపు లద్దె తెప్పించి అడ్డుకట్టలు వేయించాడు. అలా ఆరింది.

చనిపోయినవాళ్ళు 13 మంది. మంటల్లో ఒక్కరూ పోలేదు. అందరూ వీధిలో పారిన ఆ సరుకు తాగి పోయినవాళ్ళే.

2015లో టీలింగ్ వాళ్ళు కొత్త బట్టీ తెరిచింది ఆ న్యూమార్కెట్‌లోనే. డబ్లిన్ నగరంలో వందేళ్ళకు పైగా కొత్త బట్టీ రాలేదు. మేము వెళ్ళినప్పుడు కిటికీ అద్దంలోంచి మెరుస్తున్న రాగి కుండలు కనపడ్డాయి. అమ్మ వాటిని చూసి, ఎదురుగా ఉన్న ఫ్లాట్ల వైపు చూసి, "ఆ పదముగ్గురి పేర్లు ఏడన్నా రాసిపెట్టినారా?" అని అడిగింది. దారిలో మాకైతే అలాంటి పలక కనిపించలేదు. కొంచెం దూరంలో థామస్ వీధిలో జార్జ్ రో బట్టీ ఉండేది, 1880లలో ఏటా 20 లక్షల గాలన్లు తీసిన, యూరపులోకెల్లా పెద్దవాటిలో ఒకటి. ఇప్పుడు మిగిలినవి ఒక పాత గాలిమర స్తంభం, దాని మొదట్లో ఒక బేరిపండు చెట్టు. ఆ కుటుంబంలోని హెన్రీ రో 1870లలో క్రైస్ట్ చర్చ్ కెథడ్రల్ బాగుచేయించడానికి 2,30,000 పౌన్ల దాకా ఖర్చుపెట్టాడు. గుడి కట్టించిన సారా కాంట్రాక్టర్లు మనకు కొత్త కాదు కాబట్టి అమ్మ ఆ సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

ఇక తాగుడు మాన్పించినవాళ్ళ కథ. ఇది అమ్మ కోసం చివరికి దాచుకున్నాను.

1838 ఏప్రిల్ 10న కార్క్ నగరంలో థియోబాల్డ్ మాథ్యూ అనే కపూచిన్ సన్యాసి ఒక పుస్తకంలో సంతకం పెట్టి, ఇక ముట్టను అని ప్రమాణం చేశాడు. తర్వాత ఆయన ఊరూరా తిరిగాడు. వేలమంది ఒకేసారి మోకాళ్ళ మీద కూర్చుని ప్రమాణం చేసి పతకాలు తీసుకున్నారు. నాలుగైదేళ్ళలో లక్షలు దాటి, దేశంలోని పెద్దవాళ్ళలో సగం మంది దాకా ప్రమాణం చేశారని చెబుతారు. పన్ను కట్టిన విస్కీ వాడకం సగానికి పైగా పడిపోయింది. ఆయన చట్టం అడగలేదు, దుకాణాలు పగలగొట్టలేదు. ఒక్కొక్కడి చేత నోటితో చెప్పించాడు. కరువొచ్చి ఆ ఉద్యమం చెల్లాచెదరైంది. ఆయన 1856లో పోయాడు. కార్క్ పాట్రిక్ వీధిలో 1864లో పెట్టిన ఆయన విగ్రహం ఇంకా ఉంది, దాని చుట్టూ పబ్బులు కూడా ఉన్నాయి.

1898లో డబ్లిన్‌లో జేమ్స్ కలెన్ అనే జెస్యూట్ ఫాదర్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి గుంపులతో కాదు, నలుగురు ఆడవాళ్ళతో. "నలుగురు ఆడవాళ్ళా?" అని అమ్మ నిటారుగా కూర్చుంది. ఔను, పయొనీర్ సంఘం మొదలైంది ఆ నలుగురితోనే. జీవితాంతం ముట్టనని ప్రమాణం చేసినవాళ్ళు యేసు పవిత్ర హృదయం ఉన్న చిన్న పిన్ను కోటుకు పెట్టుకుంటారు. 1950లలో దాదాపు ఐదు లక్షల మంది పెట్టుకున్నారు. ఐర్లండు తాగుబోతుల దేశమని లోకమంతా జోకులు వేస్తున్న రోజుల్లో అది. ఇంకో సంగతి. 20వ శతాబ్దం మొదట్లో ఇంకొందరు వేరే రకం ప్రమాణం చేశారు. తాగడం తాగకపోవడం నీ ఇష్టం, కాని ఇంకొకడికి కొనివ్వను, ఇంకొకడు కొనిస్తే తాగను అని. పబ్బులో ఐదుగురు కూర్చుంటే ఐదు రౌండ్లు తిరిగి తీరాలి, లేకపోతే పరువు పోతుంది. పంచుకోవడమే జబ్బుకు మూలమని వాళ్ళు కనిపెట్టారు. ఆ సంఘం నిలవలేదు. సాయంత్రం మనిషి గ్లాసు ఖాళీగా ఉంటే కొనకుండా కూర్చోవడం ఐరిష్‌వాడి వల్ల కాదు.

ఈ పిన్ను అమ్మ అప్పటికే చూసింది. మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటుంది, పడమటి కౌంటీ నుంచి పెళ్ళై డబ్లిన్ వచ్చింది. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు, అయినా రోజూ కంచె దగ్గర ఏదో మాట్లాడుకుంటారు. ఆవిడ కోటు మీద ఆ పిన్ను అరిగి వెలిసిపోయి ఉంటుంది. "ఇది ఏందో దేవుడి బొమ్మ అనుకున్నాను" అంది అమ్మ.

విస్కీ పతనం గురించి పెద్దగా చెప్పను, వ్యాపార సంగతులు అమ్మకు విసుగు. పుర్రె పగిలిన ఈనియస్ కాఫీ 1830లో ఒక కొత్త బట్టీకి పేటెంటు తీసుకున్నాడు. నిలువు స్తంభంలో ఆగకుండా, చవగ్గా తీసే యంత్రం. డబ్లిన్ దొరలు ఇది విస్కీయే కాదని తోసేశారు. స్కాట్లండు వాళ్ళు తీసుకుని ప్రపంచాన్ని ఏలారు. ఆపైన స్వాతంత్ర్య పోరాటం, 1920 నుంచి 1933 దాకా అమెరికా నిషేధం, 1930లలో బ్రిటన్‌తో వాణిజ్య తగాదా. 1966లో మిగిలిన పెద్ద కంపెనీలు మూడూ ఒకటయ్యాయి. 1970ల చివరికి ఈ ద్వీపం మొత్తానికి మిడిల్టన్, బుష్‌మిల్స్ అని రెండే బట్టీలు. 1987లో జాన్ టీలింగ్ కూలీ బట్టీ పెట్టినప్పుడు నవ్వినవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు నలభైకి పైగా ఉన్నాయి.

ఒక్క సంవత్సరం మాత్రం అమ్మకు మళ్ళీ చెప్పాను. మన రాష్ట్రంలో 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో ఎత్తివేత. ఐర్లండు ప్రభుత్వం కొండల్లో కాచే పొచీన్‌ను మూడు వందల ఏళ్ళ తర్వాత దేశంలో అమ్ముకోనిచ్చింది కూడా 1997లోనే. అమ్మ దానికి "అందరికీ డబ్బులే కావాల" అని ఊరుకుంది. మనకు 1980లలో సర్కారే వారుణి వాహిని అని పేరుపెట్టి సారాను ప్యాకెట్లలో పంచిన రోజులు ఆమె మర్చిపోలేదు. ఆ ప్యాకెట్ల వల్లే మా మేనమామ పొలం దగ్గర కూడా తాగడం మొదలుపెట్టాడు.

శనివారం వచ్చింది. పదకొండు మందిమి. పక్కింటి పెద్దావిడను అమ్మే పిలిచింది, నేను కాదు. ఆవిడ పిన్నుతోనే వచ్చి సోఫాలో అమ్మ పక్కన కూర్చుంది. టీ ఇచ్చాం. బావమరిది నాలుగు గ్లాసులు వరసగా పెట్టి, ఏది ఏదో చెప్పకుండా అందరి చేతా వాసన చూపిస్తున్నాడు. ఇవి కలిపి తయారుచేసే నిపుణులు కూడా తాగి కాదు, సరుకును నీళ్ళతో పలచన చేసి ముక్కుతో చూసే నిర్ణయిస్తారు. ఆ మాట నేను చెప్పగానే పెద్దావిడ చెయ్యి చాపింది.

మొదటి గ్లాసు చూసి తల అడ్డంగా ఊపింది. రెండోదీ అంతే. మూడోది ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. "పవర్స్" అంది. బావమరిది సీసా తిప్పి చూపించాడు. పవర్సే. జాన్ పవర్ కుటుంబం 1791లో డబ్లిన్‌లో మొదలుపెట్టిన బట్టీ పేరు అది, ఒకప్పుడు పల్లెటూళ్ళలో విస్కీ అంటే అదే. తన తండ్రి ఇంట్లో అల్మరాలో పాదిరీ గారి కోసం, అతిథుల కోసం ఒక సీసా ఉండేదని ఆవిడ చెప్పింది. తమ్ముడు అమెరికా వెళ్ళిన రాత్రి తండ్రి దాన్ని తెరిచి అందరికీ పోశాడట. పదమూడేళ్ళ పిల్లగా తనే గ్లాసులు అందించింది. ఆ మరుసటేడు ఆయన సీసా అల్మరాలో పెట్టడం మానేసి తన మంచం కింద పెట్టుకున్నాడు. పదహారేళ్ళకు తను పిన్ను పెట్టుకుంది.

నేను అమ్మకు తెలుగులో చెప్పాను. చెబుతుండగానే అమ్మ ఆవిడ చేతిలోంచి గ్లాసు తీసుకుంది. గది అంతా నిశ్శబ్దమైంది. మా ఆవిడ నా వైపు చూసింది. అమ్మ వాసన చూసింది, మేమెవరమూ చూడనంత సేపు.

"లవంగం" అంది. "కొత్త గడ్డివాము. కొంచెం బెల్లం పాకం." బావమరిది కాగితం మీద రాసుకోబోయాడు. "మా తమ్ముడి దగ్గర వచ్చిన కంపు ఇది కాదు. అది వేరే" అంది మళ్ళీ.

"ఔనత్తయ్యా, ఇది ధాన్యంతో తీసింది. మన దగ్గర విస్కీ అని అమ్మేది చాలావరకు చెరకు మడ్డి సరుకే. ఇక్కడైతే దానికి విస్కీ అన్న పేరు కూడా పెట్టనివ్వరు" అని వాడు ఉత్సాహంగా మొదలుపెట్టాడు.

అమ్మ వింటూనే లేచింది. గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది. అందులో ఉన్నది సింకులో పోసి, గ్లాసు సబ్బుతో కడిగి, గుడ్డ పరిచి దాని మీద బోర్లించింది. బావమరిది ఏదో అనబోయి ఊరుకున్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి పెద్దావిడ పక్కన కూర్చుని, "ఆమె టీ చల్లారిపోయింది, వేడిది ఇంకొకటి పెట్టమని చెప్పు" అంది నాతో.